మూడు డబ్బాల నీళ్లు

శామీర్‌పేట గడీలో పెట్రోలు టాంకీ పేలిన చప్పుడు బొల్లారం దాకా వినబడింది. దండులో కవాతు చేస్తున్న సిపాయిలు లడాయి మళ్లీ మొదలైందనుకొని ఎక్కడివాళ్లక్కడ బోర్లా పడ్డారు. కౌకూర్‌లో ఒక ముసలామెకు చెవుడు వదిలిపోయి, కోడలు ఇన్నేళ్లుగా తనను ఏమంటున్నదో ఆనాడే మొదటిసారి విన్నది. చెరువులో చేపలు ఎగిరి గట్టున పడితే ఊరంతా రెండు రోజులు పులుసు వండుకున్నారు. ఇందులో అబద్ధముంటే చెప్పేవాడి నాలుక మీద వాత పెట్టండి. కాకపోతే ముందు కథ వినండి. గరిటె ఎర్రగా కాలడానికి ఎలాగూ కొంచెం సేపు పడుతుంది కదా!

లడాయి ఆగిన మరుసటి ఎండాకాలమది. మేడ్చల్ ఠేషను దారిలో రేకుల కొట్టం వేసుకొని, సైకిళ్లూ బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులూ బాగుచేసే ఏలియా, సోమవారం పొద్దెక్కేసరికి శామీర్‌పేట దొర గడీలో ఒక మోటరు కారు కింద వెల్లకిలా పడుకొని ఉన్నాడు. పిలుపు వచ్చింది, వచ్చాడు. గడీ నుంచి పిలుపు వస్తే 'రేపొస్తా' అనడానికి ఆ చుట్టుపక్కల ఎవరికీ నోరు తిరిగేది కాదు.

పెట్రోలుకు కూపన్లు పెట్టిన ఏడే ఆ మోటరును ఇటుకల మీదికి ఎక్కించారు. నాలుగేళ్లుగా అక్కడే ఉంది. ఇంజను మూత కింద కోడి పొదిగి, పిల్లల్ని లేపుకొని పోయింది కూడా. ఏలియా వెనకవైపు టాంకీని వేలి కణుపుతో తట్టాడు. పుచ్చకాయ కొనేవాడు తట్టినట్టు ఒకచోట తట్టి, జానెడు జరిగి మళ్లీ తట్టి, ప్రతిసారీ ఆగి విన్నాడు. టాంకీ గొంతు మందంగా ఉంది. అడుగున నట్టు విప్పితే కల్లుకుండ మడ్డిలాంటిది చిక్కగా, ఎర్రగా జారింది. దాని వెనకే వాసన వచ్చింది. పాతబడ్డ పెట్రోలు వాసన. అది ముక్కుకు తగలగానే ఏలియా ఊపిరి బిగబట్టాడు. కళ్లు తిప్పి చూస్తే మోటరు పక్కన రెండు కిర్రు చెప్పులు కనిపించాయి. చెప్పుల పక్కన నేల మీద నుసి రాలుతోంది.

ఏలియా గబగబా బయటికి పాకాడు.

"దొరా, నీ బాంచెను, గా చుట్ట జర అవతల పారెయ్యుండ్రి."

ముత్యంరావు ఆ గడీకి పట్వారి, పెత్తందారు, దొర లేనప్పుడు దొర. చాటున మాత్రం అందరికీ పంతులు. చుట్టను నోట్లోంచి తీసి దానివైపు ఒకసారి, ఏలియా వైపు ఒకసారి చూశాడు.

"నా చుట్ట నీకేం అడ్డమొచ్చిందిరా?"

"నాకు గాదు దొరా, టాంకీకి."

"దాంట్ల పెట్రోలు పోసి నాలుగేండ్లాయె. ఖాళీ డబ్బా ఏం జేస్తది?"

"నిండుగున్నది ఊకుంటది దొరా. ఖాళీ అయినదే మోసం జేస్తది."

"ఓహో! కడుపు కాలిన కూలోని లెక్కన్నట్టు." ముత్యంరావు తన మాటకు తానే నవ్వుకున్నాడు. చుట్టను పారెయ్యలేదు గాని నాలుగడుగులు వెనక్కి జరిగాడు. "జూడు ఏలిగా, శుక్రారం పొద్దుటి బండికి దొర మేడ్చల్ ఠేషన్ల దిగుతడు. పట్నం మనుషులు గుడ వస్తాన్రు. గీ మోటరు ఆడ ఉండాలె. లేకుంటే దొర నన్నేం జేస్తడో నాకెర్క. నేను నిన్నేం జేస్తనో నీకెర్క." తర్వాత బావి దిక్కు తిరిగి కేకేశాడు. "ఇస్తారీ! గీడికి రా. శుక్రారం దాంక ఈని ఎంబడే ఉండు. ఏం జెప్తే గది జెయ్."

ఇస్తారి పరుగెత్తుకుంటూ వచ్చాడు. గడీలో వెట్టి చేసే మనిషి. నలభై ఏళ్లుంటాయి, సన్నగా చింతబరికెలా ఉంటాడు. ఎవరు పిలిచినా ముందు "ఆఁ" అని, తర్వాత ఎందుకని వెతుక్కునేవాడు. అతను మోటరు కింద దూరి టాంకీని కట్టిన ఇనుప పట్టీలను మోస్తుంటే ఏలియా నట్లు విప్పాడు. ఇద్దరి మొహాలూ జానెడు దూరంలోకి వచ్చాయి.

"ఏలియన్నా, గా కనుబొమ్మ ఏమాయెనే?" అన్నాడు ఇస్తారి.

ఏలియాకు ఎడమ కంటి మీద కనుబొమ్మ లేదు. ఆ చోట తోలు నున్నగా మెరుస్తుంటుంది.

"బొల్లారం కార్ఖానల మర్చిపోయొచ్చిన."

"మల్ల పోయి తెచ్చుకోకపోతివి?"

"అది ఒక్కటే గాదు, ఇంకా మస్తు మర్చిపోయిన. పైలం, చెయ్యి తీయ్, టాంకీ దిగుతాంది."

తుప్పు పట్టిన టాంకీని లోపలి నుంచి గీకడానికి చెయ్యి పోదు. ఏలియా అందులో పాత చింతపండు పులుసు నింపి ఒక రాత్రంతా నాననిచ్చాడు. మంగళవారం పొద్దున చెరువు నుంచి ఇస్తారి తెచ్చిన గులకరాళ్లు రెండు దోసిళ్లు అందులో పోశాడు. మూతికి గుడ్డ బిగించి, మోటరున్న కొట్టం దూలానికి రెండు మోకులు వేసి, చంటిపిల్లకు తొట్టెల కట్టినట్టే కట్టి టాంకీని అందులో పడుకోబెట్టాడు. ఇక ఇస్తారి పని ఊపడం. ఊగినప్పుడల్లా రాళ్లు ఆ మూలకూ ఈ మూలకూ పోయి తుప్పును తోముతాయి.

బావి దగ్గర గడీకి నీళ్లు చేదే జంగమ్మ కుండ చంకనెత్తుకొని వచ్చి చూసింది. ఆమె ఇస్తారి పెళ్లాం.

"ఏం పుట్టిందే ఏలియన్నా? మొగపిల్లగాడా, ఆడపిల్లా?"

"ఇంకా సమజైతలేదు వదినె. ఏడుపు మాత్రం మీ ఆయిన గొంతే."

"ఇంట్ల నలుగురిని గన్న. ఒక్కనాడన్న తొట్టెల ఊపిండా ఈయిన? దొర బిడ్డె అనంగనే జూడు, చెయ్యి ఎంత మెత్తగ ఆడుతాందో!"

ఇస్తారి నవ్వాడు గాని ఊపడం ఆపలేదు. జంగమ్మ ఏలియాను చూసి కుండ వంచింది. అతను దోసిలి పట్టాడు. ఆమె మూరెడు ఎత్తు నుంచి పోసింది, అతను మోచేతుల మీదుగా కారగా తాగాడు. బావి గట్టుకు ఇరవై అడుగుల ఇవతలే అతను ఆగిపోతాడు. ఆగమని ఎవరూ గీత గీయలేదు. మాలపల్లె నుంచి చర్చికి పోయినంత మాత్రాన గడీ బావి దగ్గరికి దారి పడదని అతనికి తెలుసు, ఆమెకూ తెలుసు.

గంటకోసారి గడీ లోపలి నుంచి "ఇస్తారీ!" అని పిలుపు వచ్చేది. అతను పోయి కట్టెలు కొట్టి వచ్చేవాడు, పంతులు కాళ్లు పిసికి వచ్చేవాడు, వచ్చీ రాగానే మోకు పట్టుకొనేవాడు. మొదటి రోజు రాళ్లు మెత్తగా, తడిమట్టిలో దొర్లినట్టు దొర్లాయి. బుధవారం మధ్యాహ్నానికి చప్పుడు మారింది. గలగలమని గట్టిగా, పలుచగా వినిపించింది. ఏలియా తొట్టెలను ఆపి, పులుసు వంపి చూశాడు. ఇటుక పొడి కలిపినట్టు ఎర్రటి నీళ్లు. చేతి అద్దంతో ఎండను టాంకీ మూతిలోకి పట్టి లోపలికి తొంగిచూశాడు. గోడలు తెల్లబడ్డాయి. అడుగున మాత్రం అరచేయి వెడల్పు నల్లటి మచ్చ మిగిలింది. వేలితో బయటి నుంచి నొక్కితే రేకు పాపడంలా లోపలికి పోయి మళ్లీ వచ్చింది.

"ఇగ సాలు. గా మచ్చను ముట్టొద్దు," అన్నాడు.

ముత్యంరావు అద్దం గుంజుకొని తనూ చూశాడు. "అగో, తుప్పు ఇంకా ఉన్నది గదరా! సగం పని జేసి పోదామనుకుంటానవా?"

"దొరా, రేకు మొత్తం తినిపోయి తుప్పే మిగిలింది ఆడ. తుప్పే తుప్పును పట్టుకున్నది. దాన్ని గీకితే ఆకాశం గనబడతది."

"నాకు కతలు జెప్పకు. ఇంకో పూట ఊపుండ్రి. తెల్లగ గావాలె."

ఇంకో పూట ఊపారు. ఏలియా మోకు పట్టుకోలేదు. దూరంగా కూర్చొని, రాళ్లు దొర్లినప్పుడల్లా కళ్లు మూసుకుంటూ విన్నాడు. ఇస్తారి మాత్రం చెప్పిన పని చెప్పినట్టు, పొద్దు వాలేదాకా ఊపాడు. మచ్చ తెల్లబడింది. ముత్యంరావు తనే తోమినంత సంబరపడ్డాడు.

గురువారం పొద్దున టాంకీని చాకళ్లు వాడే సౌడు నీళ్లతో మూడుసార్లు కడిగి, ఎండలో బోర్లించి ఆరబెట్టి, మోటరుకు బిగించారు. కూపన్ల మీద పట్నం నుంచి తెప్పించిన పెట్రోలు ముత్యంరావు గదిలో తాళం కింద ఉంది. తాళం తీయించి డబ్బా తన కళ్లెదుటే వంపించాడు. వాసన కొట్టమంతా పరుచుకుంది. అందరూ కాసేపు ఊరికే నిలబడ్డారు.

టప్.

ఏలియా చెవి రిక్కించాడు. టప్. మళ్లీ టప్, ఈసారి రెండు. ఏలియా నేల మీద చెంప ఆనించి చూశాడు. అడుగున ఆ మచ్చ ఉన్నచోటనే మూడు చుక్కలు వేలాడుతున్నాయి. పెద్దవవుతున్నాయి, తెగిపడుతున్నాయి, మళ్లీ పుడుతున్నాయి. దుమ్ములో అప్పుడే మూడు నల్లటి గుంటలు.

ముత్యంరావు మొహం ముందు ఎర్రబడి, తర్వాత పాలిపోయింది. "ఏలిగా! పొక్కలు జేసినవు గదరా, హరాంఖోర్!"

"పెట్రోలు దించుదాం దొరా, జల్దీ. చుట్ట ముట్టియ్యకుండ్రి, మీ కాల్మొక్త."

పెట్రోలును డబ్బాల్లోకి దించి, వాటిని వాకిలి అవతలికి చేర్చారు. టాంకీని మళ్లీ విప్పారు. ఏలియా దాన్ని వేపచెట్టు నీడన బోర్లించి, పొక్కల చుట్టూ గీకుతూ చెప్పాడు. టంకం పెడితే సాయంత్రానికి అయిపోతుంది. బొగ్గుల కుంపటి, రాగి కడ్డీ, నవసాగరం తన సంచిలోనే ఉన్నాయి. కావలసింది ఒక్కటే. మూడు డబ్బాల నీళ్లు.

"నీళ్లెందుకురా?"

"టాంకీ నిండ పోసి, పొక్కల కింద వేలెడు జాగ ఇడిసిపెట్టి టంకం పెట్టాలె దొరా. లోపల గాలికి జాగ ఉండొద్దు."

ముత్యంరావు చేతులు నడుం మీద పెట్టుకున్నాడు. "నీళ్లతోటే గదరా తుప్పు పట్టింది? మూడు దినాలు తుప్పు తీసినం. పొద్దుగాల ఎండల ఆరబెట్టినం. మల్ల నీళ్లు పోస్తనంటవు! నన్ను ఎడ్డోణ్ణి జేస్తానవా? రేపు దొర మోటరెక్కంగ టాంకీల నీళ్లు గలగలమంటే ఎవని తల పోతది? ఒక్క సుక్క నీళ్లు పడొద్దు దాంట్ల. పొడిగున్నది పొడిగున్నట్టే టంకం పెట్టు. కుదురుగుండకపోతే ఇస్తారి పట్టుకుంటడు. ఒళ్లె పెట్టుకొని కూసుంటడు."

ఆ మాట పూర్తిగా అబద్ధమైనా బాగుండేది. నీళ్లు తుప్పు పట్టిస్తాయన్నది నిజమే. నిజం సగం తెలిసినవాడితో వాదించడం, ఎదురు గాలిలో తూర్పార పట్టడమే. పొట్టంతా మన కళ్లలోనే పడుతుంది.

"నాతోని గాదు దొరా," అన్నాడు ఏలియా నెమ్మదిగా.

"అయితే పో. ఎవడు పట్టుకున్నడు నిన్ను? కమ్మరి బాలనర్సయ్య కొలిమి లేదా? టాంకీని ఇస్తారి నెత్తి మీద పెట్టి పంపిస్త. ఆడు నిప్పుల పెట్టి అతికిస్తడు."

ఏలియా లేవబోయినవాడు లేవలేదు. టాంకీ పక్కన గొంతుక్కూర్చున్న ఇస్తారి, తన పేరు వినబడగానే అలవాటుగా "ఆఁ" అన్నాడు.

ఏలియా పెట్రోలు కొలిచే పావుసేరు డబ్బాను ఎత్తుకున్నాడు. పొద్దున వంపాక ఎండలో పడి ఉంది, ఎండుటాకులా పొడిగా ఉంది. ముత్యంరావుకు చూపించాడు. "ఖాళీయేనా దొరా?" బోర్లించి దులిపాడు. ఏమీ రాలలేదు. మూత నొక్కి, అడుగున మేకుతో చిన్న బెజ్జం కొట్టి, వాకిలి నడిమధ్య రాతి మీద ఏటవాలుగా పెట్టాడు. అందరినీ దూరం జరగమని, తొమ్మిది మూరల వెదురు కొనకు గుడ్డ చుట్టి అంటించి, తాను గోడ చాటు నుంచి చెయ్యి మాత్రం చాచి మంటను బెజ్జానికి చూపించాడు.

మొదట్లో బొల్లారం దాకా వినబడిందని చెప్పిన చప్పుడు ఇదే. బొల్లారం దాకా కాదు. గడీ పశువుల కొట్టం దాకా వినబడి ఉంటుంది, అక్కడ కూడా ఒక్క బర్రె మాత్రమే తల తిప్పి చూసి మళ్లీ నెమరులో పడింది. సిపాయిలు పడిపోనూ లేదు, ముసలామె చెవుడు వదలనూ లేదు, ఆ కోడలు ఇప్పటికీ హాయిగా తిట్టుకుంటోంది. చేపలు చెరువులోనే ఉన్నాయి. గరిటెను పొయ్యిలోంచి తీసెయ్యండి.

అయితే మూత మాత్రం లేచింది. వేపచెట్టు కొమ్మల్లోంచి దూసుకుపోయి, పెంకుటింటి కప్పు మీద పడి, దొర్లుకుంటూ వచ్చి ముత్యంరావు కిర్రు చెప్పుల ముందు ఆగింది. డబ్బా పొట్ట చీలి పువ్వులా విచ్చుకుంది.

"పావుసేరు డబ్బా దొరా ఇది," అన్నాడు ఏలియా. "అగో, గది పది గ్యాలన్ల టాంకీ."

ముత్యంరావు వంగి ఆ మూతను తాకబోయి, వేడికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అతని పెదవులు కదిలాయి. చాలాసేపు టాంకీనే చూశాడు. అర్థమైందని ఏలియాకు తెలిసింది. మనిషికి ఒక సంగతి అర్థమైనప్పుడు మెడ నరం ఎలా కదులుతుందో, సరిగ్గా అలా కదిలింది.

"సమజైంది," అన్నాడు ముత్యంరావు. గొంతు తగ్గింది. "సమజైందిరా. అంజయ్యా! గా ఆవుదూడలను ఇడిసి, అవతలి దొడ్లె కట్టేయ్. పాలేర్లందరు బయటికి నడువుండ్రి." చుట్టూ చూశాడు. "నేను వడ్ల గరిసెల కొట్టం ఎనక ఉంట. ఏలిగా, నువ్వు కానియ్యి. నీళ్లు మాత్రం పొయ్యకు. ఇస్తారీ, గట్టిగ పట్టుకో, కదలనియ్యకు. అయినంక కేకేయుండ్రి."

కండువా సర్దుకొని నడిచిపోయాడు. పరుగెత్తలేదు గాని, చెప్పుల కిర్రు మామూలు కంటే తొందరగా వినిపించింది. దూడలు వెళ్లాయి. పాలేర్లు వెళ్లారు. పెద్దవాకిట్లో వేపచెట్టు, టాంకీ, కుంపటి, ఇద్దరు మనుషులు మిగిలారు. బావి దగ్గర జంగమ్మ ఉంది. వెళ్లమన్నవాళ్లలో ఆమె పేరు లేదు, ఉండమన్నవాళ్లలోనూ లేదు.

కుంపట్లో బొగ్గులు చిటపటమన్నాయి. రాగి కడ్డీ మొన ఎర్రబడుతోంది. ఏలియా విసనకర్ర ఊపడం మానేశాడు.

ఇస్తారి టాంకీ ముందు కూర్చొని, కాళ్లు చాపి, దాన్ని ఒళ్లోకి లాక్కున్నాడు. రెండు చేతులూ దాని చుట్టూ వేసి, గడ్డం దాని మీద ఆనించాడు. రెండు రోజులు ఊపిన చేతులు. ఎటు పట్టుకుంటే బాగుంటుందో వాటికి తెలుసు.

"గిట్లనా అన్నా?"

ఏలియాకు కనుబొమ్మ లేని చోట చెమట పట్టింది. "గట్లనే పట్టుకున్నడు బొల్లారంల. పేరు యేసయ్య. నా బామ్మర్ది. గా టాంకీ గుడ ఖాళీదే."

ఇస్తారి కళ్లు తిప్పి గరిసెల కొట్టం దిక్కు చూశాడు. ఖాళీగా ఉన్న దూడల గుంజల దిక్కు చూశాడు. పలుపులు నేల మీద పడి ఉన్నాయి.

"దూడలను తోలిన్రు," అన్నాడు.

"ఆఁ, తోలిన్రు."

"దూడలను గుడ దూరం కట్టేసిన్రు గదనే, ఏలియన్నా?"

ఏలియా తల ఊపాడు. ఇస్తారి టాంకీ మీద నుంచి గడ్డం తీశాడు. ముందు ఒక చెయ్యి, తర్వాత ఇంకో చెయ్యి వదిలాడు. పడుకున్న పిల్ల లేవకుండా దించినట్టు దాన్ని మెల్లగా నేల మీదికి దించి, లేచి నిలబడి, మోకాళ్ల మీది మట్టి దులుపుకున్నాడు.

"ఎన్ని డబ్బాలంటివి?"

"మూడు."

"పంతులు చూస్తే?"

ఏలియా కూడా అప్పుడే గరిసెల కొట్టం వైపు చూశాడు. అడ్డంగా మట్టిగోడ, ఆవల చింతచెట్టు. అక్కడి నుంచి ఇక్కడికి చూపు ఆనదు. ఆనాలంటే మనిషి ఇవతలికి రావాలి. ఆ పగిలిన డబ్బా ఇంకా రాతి మీదే ఉంది.

"రాడు," అన్నాడు. నవ్వు వచ్చింది గాని మింగేశాడు. "రానీకి భయం. పిలిచినా రాడు."

జంగమ్మకు చెప్పే పని పడలేదు. అప్పటికే బొక్కెన బావిలోకి దిగుతోంది. గిలక కిర్రుమంది.

"ఏందిరా గా చప్పుడు?" గోడ వెనక నుంచి ముత్యంరావు గొంతు.

"టాంకీ మూలుగుతాంది దొరా!" కేకేశాడు ఏలియా. "దగ్గరికి రాకుండ్రి!"

"నేనెందుకొస్తరా! కానియ్యి!"

ఇస్తారి డబ్బా తర్వాత డబ్బా మోశాడు. మూతికి గుడ్డా బంకమట్టీ కూరి, టాంకీని బోర్లించి, అడుగు నట్టు బెజ్జంలోంచి పోశారు. నీళ్లు పోతుంటే లోపలి గాలి బుడబుడమంటూ వాసనతో సహా బయటికి వచ్చింది. మూడో డబ్బా సగమయ్యేసరికి ఆ వాసన కూడా ఆగిపోయింది. ఏలియా నాలుగు రాళ్లు చుట్టూ ఎగదోశాడు. టాంకీ బరువెక్కి నేలకు అతుక్కుంది, పోతరాజు రాయిలా కదలకుండా కూర్చుంది. నీళ్లున్నాక మనిషి పట్టుకోవలసిన అవసరమే లేదు.

నవసాగరం మీద కడ్డీ మొనను రుద్దితే తెల్లటి పొగ లేచింది. పొగ చూసి గోడ వెనక ఎవరో దగ్గారు. ఏలియా ఊపిరి బిగబట్టి మొదటి పొక్క మీద కడ్డీ ఆనించాడు. ఇస్తారి పక్కకు పోలేదు. పోతే పోవచ్చు, పట్టుకోవలసింది ఏమీ లేదు. అయినా అక్కడే గొంతుక్కూర్చొని కన్నార్పకుండా చూశాడు. నీళ్లు సుయ్యిమన్నాయి. తగరం కరిగి, వణికి, చుక్కగా పరుచుకొని గట్టిపడింది. రెండోది. మూడోది. అంతే. తమలపాకు నమిలి ఊసేంతసేపు కూడా పట్టలేదు.

"అయిందారా?" కేక వచ్చింది.

ఏలియా నోరు తెరిచాడు. ఇస్తారి చెయ్యి పైకెత్తాడు. జీవితంలో ఒక మనిషిని ఆగమని అతను చెయ్యెత్తడం అదే మొదలు.

"కాలే దొరా!" అన్నాడు ఇస్తారి. "ఇప్పుడే మస్తు కోపమ్మీదున్నది!"

"సల్లారనియ్యుండ్రి! తొందరలేదు!"

జంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత మూట విప్పి జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు తెచ్చింది. వేపచెట్టు కింద ముగ్గురూ కూర్చున్నారు. ఆమె చెంబు నిండా నీళ్లు తెచ్చి, ఏలియా దోసిలి పట్టబోతే పొయ్యలేదు. చెంబును అతని ముందు నేల మీద పెట్టి తన రొట్టె తాను తుంచుకుంది. ఏలియా ఆ చెంబును కొంతసేపు చూశాడు. తర్వాత ఎత్తుకొని తాగాడు.

గడీ వాకిలి అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. పిలిచేవాడు లేడు. గంట గడిచింది. "ఇస్తారీ!" అన్న కేక రాలేదు. అది రానప్పుడు ఏం చెయ్యాలో ఇస్తారికి తోచలేదు. చేతులు ఒళ్లో పెట్టుకొన్నాడు, తీశాడు, మళ్లీ పెట్టుకొన్నాడు. చివరికి లేచి మోటరు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఏలియా వెనక తలుపు తెరిచి "కూసో" అన్నాడు. ఇస్తారి భుజం మీది తువ్వాలతో వీపు తుడుచుకొని, ఒక కాలు లోపల పెట్టి, దొర కూర్చునే మెత్త అంచున కూర్చున్నాడు. లోపల స్ప్రింగు కుయ్యిమంది. మోకాళ్లు దగ్గరికి చేర్చి, వాటి మీద చేతులు పెట్టుకొని, కిటికీలోంచి బయటికి చూశాడు.

"గీడికెల్లి జూస్తే బాయి మస్తు చిన్నగ గనబడతాంది," అన్నాడు.

జంగమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

పొద్దు గోడ దిగేదాకా టాంకీ చల్లారనే లేదు. అలాగని ఏలియా గంటకోసారి కేకేసి చెబుతూ వచ్చాడు. చివరికి నీళ్లు వంపి, మిగిలిన ఎండకు కాసేపు పెట్టి, పెట్రోలుతో పుక్కిలించినట్టు తిప్పి పారబోసి, "అయింది దొరా!" అని పిలిచాడు. ముత్యంరావు వచ్చి మూడు టంకం చుక్కలనూ కళ్లతోనే తడిమాడు. "జూసినవా?" అన్నాడు. "పొడిగ పెడితే ఏమాయె? నీళ్లు, నీళ్లు అని నన్ను పరేషాన్ జేసినవు." ఏలియా తల వంచుకొని "అవు దొరా" అన్నాడు. టాంకీ కింద మట్టి ఇంకా తడిగానే ఉంది. ముత్యంరావు కిర్రు చెప్పులతో ఆ తడి మీదే నిలబడి ఉన్నాడు.

శుక్రవారం పొద్దున మోటరు లేచింది. ఏలియా నడిపాడు. ముత్యంరావు వెనక కూర్చొని, దారి పొడుగునా చుట్ట ముట్టించలేదు. దొర బండి దిగాడు, పట్నం మనుషులతో మోటరెక్కాడు. టాంకీ ఒక్క చుక్క రాల్చలేదు. దొర మోటరు ఊరి పొలిమేర చేరితే ముందు వెట్టివాడు పరుగెత్తుతూ దారి తొలగించడం అక్కడి ఆచారం. శామీర్‌పేట చెరువు కట్ట దగ్గర ఇస్తారి కర్ర పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. "తప్పుకోండ్రి! దొర వస్తాండు!" అంటూ ముందు పరుగెత్తాడు. ఏలియా పెడల్ మీద కాలు ఎంత తేలిక చేసినా మోటరు మనిషి కంటే మెల్లగా నడవదు. దుమ్ములో ఆ వీపు కనిపిస్తూ, మాయమవుతూ, కనిపిస్తూ గడీ దాకా సాగింది. దొర ముందుకు వంగి, "జర జోరుగా పోనియ్యి" అన్నాడు.

ఇక చెప్పేవాడు ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. బొల్లారం సంగతి ఎలాగూ మీరు నమ్మలేదు, దాన్ని లెక్కలో వేసుకోకండి. దూడలు నిజం. చెంబు నిజం, ఏలియా బతికినన్నాళ్లూ ఆ చెంబు మాట చెప్పేవాడు. కల్పించింది ఇస్తారిని మోటరులో కూర్చోబెట్టడం ఒక్కటే. ఏలియా తలుపు తెరిచిన మాట, "కూసో" అన్న మాట వాస్తవమే. ఇస్తారి మాత్రం చేతులు వెనక్కి కట్టుకొని, లోపలికి ఒకసారి తొంగిచూసి, "వద్దన్నా, నా బట్టలకు తుప్పంటింది" అని తలుపు తనే మెల్లగా మూశాడు.